చేతులతో చూసిన చిత్రకారుడు – బినోద్ బిహారి ముఖర్జీ

మన గోడపత్రికలో ఇంతవరకు జీవిత చరిత్రలు అంటే అల్లూరి సీతారామరాజు గారు, కొమురం భీం గారు, అంబేద్కర్ గారు, లేకపోతే సైంటిస్టులు. బొమ్మలు వేసేవాళ్ళ గురించి ఎవరూ రాయలేదు. అందుకని ఈసారి నేను ఒక చిత్రకారుని గురించి రాస్తున్నాను. మన డ్రాయింగ్ సార్ తెచ్చిన పుస్తకంలో ఆయన బొమ్మలు ఉన్నాయి. అందులో ఒకటి రంగు కాగితాలు కత్తిరించి అంటించిన మనిషి బొమ్మ. కళ్ళు, ముక్కు అన్నీ వివరంగా లేవు. నాలుగైదు ముక్కలే. అయినా మనిషి ఎలా కూర్చున్నదీ తెలిసిపోతోంది. బాగుందనుకొని పేజీ తిప్పబోతుంటే సార్ చెప్పారు, అది చేసేనాటికి ఆయనకు రెండు కళ్ళూ కనపడవని. నేను నమ్మలేదు. తరువాత సార్‌ని అడిగి, చదివి, ఇది రాస్తున్నాను.

బినోద్ బిహారి ముఖర్జీ గారు 1904 ఫిబ్రవరి 7వ తేదీన కలకత్తా దగ్గర బెహాలాలో జన్మించారు. పుట్టుకతోనే ఆయనకు ఒక కన్ను కనపడదు. రెండో కంటికి దగ్గర వస్తువులే కనిపించేవి, దూరానివి మసకే. అందువల్ల అందరి పిల్లల్లాగ బడికి వెళ్ళి చదవడం ఆయనకు కుదరలేదు. ఇంట్లో ఉండి పుస్తకాన్ని ముఖానికి దగ్గరగా పెట్టుకొని చదువుకొనేవారు.

1917లో ఆయనను శాంతినికేతన్ పంపేరు. అది బెంగాల్‌లో బీర్భూమ్ జిల్లాలో ఉంది. రవీంద్రనాథ్ ఠాగూర్ గారు పెట్టిన బడి. చెట్ల కింద పాఠాలు చెప్పేవారని మనం తెలుగు పుస్తకంలో చదివినదే. 1919లో అక్కడ బొమ్మలు నేర్పడానికి కళాభవన్ మొదలయింది. దానిలో చేరిన మొదటి పిల్లల్లో ఈయన ఒకరు. అక్కడ గురువు నందలాల్ బోస్ గారు. ఆయనకు ఒక అనుమానం వచ్చింది. కళ్ళు సరిగా లేని కుర్రవాడు బొమ్మలు ఎలా వేస్తాడు, కష్టపడి నేర్పినా ఏమి లాభం అని. ఠాగూర్ గారి దగ్గరకు వెళ్ళి ఆ మాట చెప్పేరు. ఠాగూర్ గారు కళ్ళ సంగతి అడగలేదు. ఆ అబ్బాయికి ఇష్టం ఉందా, మనసుపెట్టి పని చేస్తున్నాడా అని మాత్రం అడిగేరు. చేస్తున్నాడని నందలాల్ గారు చెప్పేరు. అయితే చేయనివ్వండి అన్నారట.

వార్డెన్ మేడమ్ గారూ, ఇక్కడ ఒక్క సంగతి రాస్తాను, కోప్పడకండి. మా చెల్లికి కూడా చూపు తక్కువ. బోర్డు కనపడటం లేదని అయిదో తరగతితో ఇంట్లో ఉండిపోయింది. మా అమ్మా నాన్న చదువుకోలేదు, కళ్ళు లేని పిల్లకు చదువెందుకు అని ఊరివాళ్ళు అంటే ఊరుకున్నారు. కాని చెల్లికి నా పుస్తకాలంటే ప్రాణం. సెలవులకు ఇంటికెళితే నా తెలుగు పుస్తకం ముక్కుకు ఆనించుకొని చదువుతుంది. జూన్‌లో తీసుకువస్తాను. కళ్ళు చూపించి అద్దాలు ఇప్పించి, ముందు బెంచీలో కూర్చోబెడితే చాలు.

ఇప్పుడు మళ్ళీ ఆయన గురించి. శాంతినికేతన్ చుట్టూ ఎర్రమట్టి నేల. వానకు కోసుకుపోయి గుంటలు గుంటలుగా ఉంటుంది, దాన్ని అక్కడ ఖోయాయ్ అంటారు. తాటిచెట్లు, సాల చెట్లు ఉంటాయి. సాల చెట్టంటే మన గుగ్గిలం చెట్టే. దగ్గరలో సంతాల్ ఆదివాసుల ఊళ్ళు ఉన్నాయి. బినోద్ బిహారి గారు ఈ నేలనీ ఈ చెట్లనీ ఈ మనుషులనీ మళ్ళీ మళ్ళీ వేసేరు. కొన్ని పొడుగాటి కాగితపు చుట్టల మీద వేసేరు. దాన్ని ఒక చేత్తో విప్పుతూ ఇంకో చేత్తో చుడుతూ చూడాలి. దారిలో నడిచినట్టే, కొంచెం కొంచెం కనిపిస్తుంది. చూపు అంతదూరం వెళ్ళని మనిషికి లోకం అలాగే కనిపిస్తుంది కాబోలని నాకనిపించింది.

ఒకటి నాకు బాగా నచ్చింది. పుస్తకాల్లో, క్యాలెండర్లలో ఆదివాసుల బొమ్మ అంటే తలకు ఈకలు పెట్టి డాన్సు చేయిస్తారు. ఎప్పుడు చూసినా మనం డాన్సులోనే ఉంటాము. ఈయన బొమ్మల్లో పల్లె మనుషులు వాళ్ళ పని మీద వాళ్ళు ఉంటారు. నడుస్తుంటారు, కూర్చుంటారు, పశువులు పక్కన ఉంటాయి. మనల్ని చూడండి అన్నట్టు ఎవరూ నిలబడరు.

హాస్టల్ నేస్తాలూ, ఇప్పుడు రాసేది మనకు సంబంధించినది. 1940లో ఆయన కళాభవన్ పిల్లల హాస్టల్‌లో బొమ్మ వేసేరు. ఎక్కడనుకున్నారు? గోడ మీద కాదు, పైకప్పు మీద! పిల్లలు వెల్లకిలా పడుకుంటే కనిపించేటట్టు. మధ్యలో ఒక చెరువు. దాని చుట్టూ చెట్లు, గుడిసెలు, పశువులు, మనుషులు, బీర్భూమ్ పల్లె అంతా. ఒక పక్క నుంచే చూడాలని లేదు. ఏ వైపు తల పెట్టుకున్నవాళ్ళకు ఆ వైపు ఊరు కనిపిస్తుంది. ఇంటికి దూరంగా ఉన్న పిల్లలు నిద్రపోయే ముందు ఒక ఊరిని చూస్తూ పడుకొనేవారన్నమాట. మన డార్మెటరీ పైన రేకులూ ఫ్యానూ చూసి చూసి నాకు ఈ సంగతి చదివినప్పుడు చాలాసేపు ఇంకేమీ చదవబుద్ధి కాలేదు.

1937లో ఆయన జపాన్ వెళ్ళి అక్కడి చిత్రకారుల పని చూసి వచ్చేరు. కళాభవన్‌లోనే పిల్లలకు నేర్పేరు. సినిమాలు తీసిన సత్యజిత్ రాయ్ గారు 1940 నుంచి 1942 వరకు అక్కడ ఆయన దగ్గర చదువుకున్నవారే. 1944లో లీలా గారిని పెళ్ళి చేసుకున్నారు. ఆమె కూడా బొమ్మలు వేస్తారు. 1949లో పుట్టిన వాళ్ళమ్మాయి మృణాళిని ముఖర్జీ గారు పెద్దయ్యాక తాళ్ళు ముడివేసి పెద్ద పెద్ద శిల్పాలు చేసేరు.

ఆయన వేసిన అన్నిటికన్న పెద్ద బొమ్మ శాంతినికేతన్‌లోని హిందీభవన్‌లో ఉంది. 1946, 1947లో వేసేరు. ఒక హాలులో మూడు గోడల పై భాగమంతా కబీర్, సూర్‌దాస్, తులసీదాస్, రామానుజులు, గురు గోవింద్ సింగ్ లాంటి భక్తులు, వాళ్ళ చుట్టూ మామూలు జనం. నది పారినట్టు జనం వరసగా వస్తూ ఉంటారు. దానిలో సూర్‌దాస్ గారు కళ్ళు లేని కవి. ఆ బొమ్మ వేసేటప్పుడు బినోద్ బిహారి గారికి ఏమనిపించిందో!

ఆ బొమ్మ ఎలా వేస్తారో సార్ చెప్పేరు. గోడకు సున్నం, ఇసుక కలిపి పూస్తారు. అది తడిగా ఉండగానే నీళ్ళలో కలిపిన రంగు వేయాలి. సున్నం ఆరేటప్పుడు రంగును తనలోకి పట్టేసుకుంటుంది, ఇంక కడిగినా పోదు. కాబట్టి ఆ రోజు ఎంత వేయగలరో అంతే పూసుకోవాలి. ఆరిపోయాక దిద్దుదామంటే కుదరదు. మామూలుగా గోడంత కాగితం మీద ముందే గీసుకొని, ఆ గీతలు గోడ మీదకు దింపుతారట. ఈయన అలా చేయలేదు. చిన్న చిన్న నమూనాలు చూసుకొని తిన్నగా గోడ మీదే వేసేరు. సాయానికి పిల్లలు ఉన్నారు, లీలా గారు ఉన్నారు. కాని దూరంగా వెళ్ళి నిలబడి చూసుకుందామంటే ఆయనకు అంత గోడ స్పష్టంగా కనిపించదు కదా. మొత్తం బొమ్మ తలలో ఉండి ఉండాలి.

మా సవర గూడెంలో కూడా గోడ మీద బొమ్మ వేసే తాత ముందు ఏమీ గీసుకోడు. ఎర్రమట్టి పూసిన గోడ మీద బియ్యప్పిండి నీళ్ళతో, వెదురుపుల్ల కొస నలగ్గొట్టి, ఒక మూల నుంచి మొదలుపెడతాడు. మనుషులు, గుర్రాలు, ఏనుగులు, సూర్యుడు, చంద్రుడు, వరసలు వరసలుగా వచ్చేస్తాయి. అడిగితే నవ్వుతాడు.

1949లో ఆయన శాంతినికేతన్ విడిచి నేపాల్ వెళ్ళేరు, ఖాట్మండూ మ్యూజియంలో పని చేసేరు. తరువాత రాజస్థాన్‌లో బనస్థలి విద్యాపీఠంలో, ఆ తరువాత ముస్సోరిలో నేర్పేరు. 1956-57 ప్రాంతంలో ఢిల్లీలో కంటికి ఆపరేషన్ చేయించుకున్నారు. అది బాగవలేదు. ఉన్న ఆ ఒక్క కంటి చూపూ పోయింది. అప్పటికి ఆయనకు యాభై దాటి రెండు మూడేళ్ళు.

ఇక్కడితో చిత్రకారుని కథ అయిపోవాలి. కాని ఆయన 1958లో కళాభవన్‌కు తిరిగి వచ్చి మళ్ళీ పాఠాలు చెప్పేరు. మళ్ళీ పని మొదలుపెట్టేరు. మైనంతో చిన్న బొమ్మలు చేసేరు. కాగితం మడిచి బొమ్మలు చేసేరు. స్కెచ్ పెన్నుతో గీతల బొమ్మలు కూడా వేసేరు. నేను మొదట చెప్పిన రంగు కాగితాల బొమ్మలు ఈ కాలంలోనివే. వాటిని కొలాజ్ అంటారు. అది ఫ్రెంచి మాట, అతికించడం అని అర్థం.

కొలాజే ఎందుకు అని నాకు సందేహం వచ్చింది. అందుకని ఒక ఆదివారం నేనూ ఇద్దరు నేస్తాలూ చున్నీలతో కళ్ళు గట్టిగా కట్టుకొని చేసి చూశాము. ముందు పెన్సిల్‌తో మనిషిని గీశాము. గీశాక దాని మీద వేలు పెడితే ఏమీ తగల్లేదు. గీత ఎక్కడుందో దొరకదు, కాగితం అంతా ఒకటే నున్న. ఒక చేయి గీస్తుంటే ఇంకో చేయి కాపలా ఉండాల్సిందే. తరువాత జెండా పండగకు మిగిలిన రంగు కాగితాలు తెచ్చి కత్తిరించాము. కాగితానికి అంచు ఉంటుంది. అంచు వేలికి తెలుస్తుంది. తల ముక్క ఇది, చేయి ముక్క ఇది అని పట్టుకొని చెప్పొచ్చు. ఒకదాని మీద ఒకటి అతికిస్తే చిన్న మెట్టులాగ తగులుతుంది. మధ్యకు మడిచి కత్తిరిస్తే రెండు పక్కలూ సమానంగా వస్తాయి, చూడక్కర్లేదు. పైగా జిగురు రాసేముందు ఎన్నిసార్లయినా జరుపుకోవచ్చు, తడి సున్నం గోడలాగ తొందర లేదు. అప్పుడు నాకు తెలిసింది. గీతను కన్ను మాత్రమే చూడగలదు. అంచును చేయి కూడా చూస్తుంది.

మా అమ్మమ్మకు కంట్లో పొర వచ్చింది. అయినా అడ్డాకులు ఏరి పుల్లతో విస్తరి కుట్టేస్తుంది. ఏ ఆకు పెద్దది, ఏది చిరిగింది అన్నీ వేళ్ళతోనే చెప్పేస్తుంది. మేము చూసి కుట్టిన విస్తరి కంటె ఆవిడది గట్టిగా ఉంటుంది.

రంగు సంగతి మాత్రం వేలికి తెలియదు. ఎరుపు కాగితం, పచ్చ కాగితం ఒకేలా తగులుతాయి. ఏది ఏ రంగో పక్కవాళ్ళు చెప్పాలి. కాని ఏ రంగు పక్కన ఏ రంగు పెడితే బాగుంటుందో ఎవరూ చెప్పనక్కర్లేదు, అది ఆయన యాభై ఏళ్ళు ఒంటి కంటితో చూసి దాచుకున్నది. ఇప్పటి చిత్రకారులు కొలాజ్‌కు ముందు అక్రిలిక్ రంగు పూస్తారని, అది తొందరగా ఆరిపోతుందని, అక్రిలిక్ జిగురుతోనే కాగితం, గుడ్డ, ఆకులు కూడా అంటిస్తారని సార్ చెప్పేరు. దాన్ని మిశ్రమ మాధ్యమం అంటారట. రంగుల డబ్బాలు ఖరీదు. కాగితం, కత్తెర, జిగురు అయితే మన దగ్గర కూడా ఉన్నాయి.

1972లో ఆయన కళాభవన్ గోడకు పింగాణీ పలకలతో పెద్ద బొమ్మ చేయించేరు. అదే సంవత్సరం సత్యజిత్ రాయ్ గారు తన గురువు మీద ఒక చిన్న సినిమా తీసేరు. దాని పేరు ది ఇన్నర్ ఐ, అంటే లోపలి కన్ను. నల్ల కళ్ళద్దాలు పెట్టుకొని ఆయన పని చేసుకోవడం దాంట్లో ఉంది. 1974లో భారత ప్రభుత్వం పద్మవిభూషణ్ ఇచ్చింది. తన జీవితం గురించి బెంగాలీలో పుస్తకం కూడా చెప్పి రాయించేరు. సంతాపం కోరుకునేవాళ్ళు దాన్ని చదవనక్కర్లేదని సార్ అన్నారు, ఆయన ఎక్కడా ఏడవలేదట.

బినోద్ బిహారి ముఖర్జీ గారు 1980 నవంబర్ 11న గతించారు. అప్పటికి ఆయన వయసు 76 సంవత్సరాలు.

ఈ చార్టుకు కుడిపక్క నేను కళ్ళు కట్టుకొని చేసిన హాస్టల్ పైకప్పు బొమ్మ అంటించాను. మధ్యలో నీలం కాగితం చెరువు. చుట్టూ చెట్లు, రెండు మేకలు. ఒక చెట్టు చెరువులోకి వచ్చేసింది, అలాగే ఉంచాను. గోడపత్రికను ముట్టుకోవద్దని ఎప్పుడూ కింద రాస్తాం కదా, దీనికి రాయలేదు. చేతులు కడుక్కొని, కళ్ళు మూసుకొని తడిమి చూడండి. మేకలు ఎక్కడున్నాయో దొరికినవాళ్ళు నాకు చెప్పండి.

మీ నేస్తం,
9వ తరగతి