లియో స్టెర్న్‌బాక్: నిశ్చింతను మాత్రగా మలచిన రసాయనవేత్త, ఆ మాత్ర వెంట వచ్చిన చిక్కులు

డయాజెపామ్ అనే మందు తెలుగు నేల మీద రెండు చోట్ల కనిపిస్తుంది. ఒకటి ఆసుపత్రి. ఆగని ఫిట్స్‌తో వచ్చిన రోగికి, ధనుర్వాతంతో బిగుసుకుపోయిన దేహానికి వైద్యులు దాన్ని సూదిమందుగా ఇస్తారు. రెండోది కల్లు కాంపౌండు. కల్తీ కేసుల్లో ఎక్సైజ్ అధికారులు పట్టుకునే పొడుల్లో అదొకటి. అక్కడ దాని పేరు డైజోఫాం. ప్రపంచానికి మాత్రం అది వాలియంగా పరిచయం. దాన్ని సృష్టించిన లియో హెన్రిక్ స్టెర్న్‌బాక్ 97 ఏళ్లు జీవించారు. తన మాత్ర కీర్తిని చూశారు, అది అపకీర్తిగా మారడాన్నీ చూశారు.

1908 మే 7న అప్పటి ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలోని అబ్బాజియా అనే సముద్రతీర పట్టణంలో ఆయన జన్మించారు. నేడు అది క్రొయేషియాలోని ఒపాటియా. తండ్రి యూదుడు, మందుల దుకాణం నడిపేవారు. సీసాల మధ్య, చూర్ణాల వాసన మధ్య పెరిగిన కుమారుడికి రసాయనాల మీద మక్కువ కలగడంలో ఆశ్చర్యం లేదు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత సామ్రాజ్యం ముక్కలైంది. 1926లో ఆ కుటుంబం పోలండ్‌లోని క్రాకోవ్ నగరానికి చేరింది. అక్కడి యాగెల్లోనియన్ విశ్వవిద్యాలయంలో స్టెర్న్‌బాక్ ముందు ఔషధ శాస్త్రం చదివి, 1931లో కర్బన రసాయనశాస్త్రంలో డాక్టరేట్ పొందారు.

ఆ రోజుల్లో ఆయన పరిశోధించినది మందులను కాదు, అద్దకపు రంగులను. రంగులుగా పనికొస్తాయేమోనని కొన్ని కొత్త పదార్థాలను తయారు చేశారు. అవి పనికిరాలేదు. పాతికేళ్ల తర్వాత మరో ఖండంలో ఆ విఫల ప్రయత్నమే అక్కరకు వచ్చింది.

పోలండ్ విశ్వవిద్యాలయాల్లో యూదు వ్యతిరేకత పెచ్చరిల్లుతుండటంతో 1937లో ఉపకార వేతనం మీద ఆయన వియన్నా వెళ్లారు. అక్కడి నుంచి జ్యూరిక్ చేరి, తర్వాతి కాలంలో నోబెల్ అందుకున్న లియోపోల్డ్ రుజిచ్కా వద్ద పనిచేశారు. తాను అద్దెకున్న ఇంటి యజమానురాలి కుమార్తె హెర్టాను వివాహమాడారు. 1940లో బాసెల్ నగరంలోని హాఫ్‌మన్-లా రోష్ ఔషధ సంస్థలో చేరారు. యూరప్ అంతటా నాజీ సైన్యాలు విస్తరిస్తున్న సమయమది. స్విట్జర్లాండ్ సైతం ఎన్నాళ్లు సురక్షితంగా ఉంటుందో తెలియని పరిస్థితుల్లో ఆ సంస్థ తన యూదు శాస్త్రవేత్తలను అమెరికాకు తరలించింది. అలా 1941లో స్టెర్న్‌బాక్ దంపతులు న్యూజెర్సీ రాష్ట్రంలోని నట్లీ చేరుకున్నారు. ఆ ప్రయోగశాలలో ఆయన మొదటి పెద్ద విజయం బయోటిన్ అనే విటమిన్‌ను పెద్ద ఎత్తున తయారు చేసే పద్ధతి.

అల్మారాలో మిగిలిపోయిన పదార్థం

ఆందోళనకు, నిద్రలేమికి అప్పట్లో వైద్యుల వద్ద ఉన్న ప్రధాన ఆయుధం బార్బిట్యురేట్లు. 1903లో మొదలైన ఈ మందులు మనసును శాంతపరచేవి, అదే ఊపులో శ్వాసనూ మందగింపజేసేవి. ఔషధ మోతాదుకు, మృత్యువుకు మధ్య దూరం చాలా తక్కువ. 1962లో నటి మార్లిన్ మన్రో మరణానికి కారణమైనవి ఈ కోవ మందులే. 1955లో మిల్‌టౌన్ అనే మరో మాత్ర బజారులోకి వచ్చి చెప్పలేనంత గిరాకీ సంపాదించింది. దానికి పోటీగా ఒక మందు కావాలని రోష్ తన రసాయనవేత్తలను కోరింది.

ఇటువంటప్పుడు ప్రత్యర్థి మందు అణువునే కొద్దిగా మార్చి కొత్తదిగా చూపడం పరిశ్రమలో మామూలే. స్టెర్న్‌బాక్‌కు ఆ పని రుచించలేదు. క్రాకోవ్‌లో తాను వదిలేసిన పాత పదార్థాల దగ్గరకు తిరిగి వెళ్లారు. సుమారు 40 కొత్త రసాయనాలు తయారు చేశారు. పరీక్షించిన వాటిలో ఏదీ పనిచేయలేదు. ఇక చాలించి యాంటీబయాటిక్‌ల మీద దృష్టి పెట్టమని యాజమాన్యం చెప్పింది.

1957లో ప్రయోగశాలను సర్దుతుండగా సహోద్యోగి ఎర్ల్ రీడర్‌కు కొన్ని వందల మిల్లీగ్రాముల స్ఫటిక పదార్థం కనిపించింది. 1955లోనే తయారై, పరీక్షకు వెళ్లకుండా మిగిలిపోయినదది. దీన్ని కూడా పరీక్షించి, ఫలితం లేదని రాసేస్తే ఆ అధ్యాయం ముగుస్తుందన్న ఉద్దేశంతో దాన్ని ఔషధ ప్రభావాలు పరీక్షించే లోవెల్ రాండాల్‌కు పంపారు. ఫలితం అందుకు భిన్నంగా వచ్చింది. వాలుగా నిలిపిన జాలీ మీద ఎలుకలు కండరాలు సడలి కిందికి జారిపోయాయి. అయినా మెలకువగానే ఉన్నాయి, తడితే నడిచాయి. మీదికి దూకే కోతులు సాధువులయ్యాయి. మత్తు ముంచెత్తకుండానే భయం తగ్గిందన్నమాట.

కారణం వెతికితే మరో విశేషం బయటపడింది. ఆ పదార్థం తయారయ్యే చర్యలో ఆరు పరమాణువుల వలయం తనంతట తానే ఏడు పరమాణువుల వలయంగా విస్తరించింది. స్టెర్న్‌బాక్ ఊహించని మార్పు అది. బెంజోడయాజెపైన్ అనే ఔషధ కుటుంబం అలా పుట్టింది. ఆయన తన మీద కూడా ప్రయోగించుకున్నారు. మోకాళ్లు కొద్దిగా పట్టు తప్పినట్లు, మగతగా ఉన్నట్లు గమనించి రాసుకున్నారు. 1960లో ఆ మందు లిబ్రియం పేరుతో విడుదలైంది. అది చేదుగా ఉండేది. అణువును ఇంకా సరళం చేసి, అంతకంటే బలమైన మరో మందును రూపొందించారు. అదే డయాజెపామ్. 1963లో వాలియంగా అంగళ్లకు వచ్చింది.

సురక్షితమన్న పేరే ముప్పుగా

వాలియం విజయానికి అసలు మూలం దాని భద్రత. మెదడులో నాడీకణాల ఉద్రేకాన్ని అణచే గాబా అనే సహజ పదార్థం ఉంటుంది. ఈ మందులు గాబా పనికి ఊతమిస్తాయి తప్ప దాని స్థానాన్ని తామే ఆక్రమించవు. ఇవి పట్టుకునే గ్రాహకాలు మెదడులో ఉన్నట్లు 1977లో గాని తెలియలేదు. బార్బిట్యురేట్లు పెద్ద మోతాదులో గాబా అవసరం లేకుండానే నాడీకణాలను అణచివేస్తాయి, ఊపిరి ఆగేదాకా. బెంజోడయాజెపైన్లకు ఆ శక్తి పరిమితం. విడిగా తీసుకున్నప్పుడు ఇవి ప్రాణాంతకం కావడం అరుదు.

ఆ ధీమాతో వైద్యుల కలాలు ధారాళంగా కదిలాయి. నిద్ర పట్టకపోయినా, నడుము నొప్పి పుట్టినా, ఇంటి చాకిరీతో ఇల్లాలు విసిగిపోయినా జవాబు వాలియమే. ఔషధ ప్రకటనల్లో ఎక్కువగా కనిపించినది స్త్రీలే. 1969 నుంచి 1982 వరకు అమెరికాలో అత్యధికంగా రాసిన మందు ఇదే. ఒక్క 1978లోనే దాదాపు 230 కోట్ల మాత్రలు అమ్ముడయ్యాయి.

అయితే హెచ్చరిక ఆదిలోనే వినిపించింది. 1961లో లియో హోలిస్టర్ అనే అమెరికా వైద్యుడు, నెలల తరబడి భారీ మోతాదులో లిబ్రియం వాడిన రోగుల్లో 11 మందికి చెప్పకుండా ఉత్తుత్తి మాత్రలు ఇచ్చి చూశారు. పది మందిలో వణుకు, నిద్రలేమి, ఆందోళన వంటి లక్షణాలు తలెత్తాయి. ఇద్దరికి మూర్ఛ వచ్చింది. మోతాదు మరీ ఎక్కువ కాబట్టి అలా జరిగిందని వైద్యలోకం సరిపెట్టుకుంది. ఆ సరిపెట్టుకోవడానికి రోగులు రెండు దశాబ్దాల పాటు మూల్యం చెల్లించారు. మామూలు మోతాదులో వాడినా శరీరం అలవాటు పడిపోతుందని లండన్‌లో మాల్కం లేడర్ వంటి మనోవైద్యులు నిరూపించేసరికి 1980లు వచ్చాయి.

జరిగేది ఇది. వారాల తరబడి బయటి నుంచి ఊతం అందుతుంటే మెదడు తన సొంత నిగ్రహాన్ని తగ్గించుకుంటుంది. మునుపటి మాత్ర చాలదనిపిస్తుంది. హఠాత్తుగా ఆపితే అదుపు తప్పిన నాడీవ్యవస్థ ఒక్కసారిగా విజృంభిస్తుంది. గుండె దడ, చెమటలు, వణుకు, కొందరిలో భ్రమలు, ఫిట్స్ కలుగుతాయి. అన్నిటికంటే మోసకరమైనది తిరిగివచ్చే ఆందోళన. పాత జబ్బే మళ్లీ వచ్చిందనుకొని రోగీ వైద్యుడూ కూడా మరో చీటీ వైపు మొగ్గుతారు. టెలివిజన్ నిర్మాత బార్బరా గోర్డన్ మాత్రలను ఒక్కసారిగా మానేసి పడిన నరకాన్ని 1979లో పుస్తకంగా రాశారు. అదే ఏడాది సెనేటర్ ఎడ్వర్డ్ కెన్నెడీ నేతృత్వంలో అమెరికా సెనేట్ ఈ మందులపై విచారణ జరిపింది. ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్‌లో ప్రొఫెసర్ హెదర్ ఆష్టన్ 1982 నుంచి పన్నెండేళ్ల పాటు మాన్పించే వైద్యశాల నడిపారు. మోతాదును వారాలు, నెలల మీద కొద్దికొద్దిగా దించడమే మార్గమని ఆమె అనుభవం చాటింది.

వృద్ధుల సంగతి వేరుగా చెప్పుకోవాలి. డయాజెపామ్ దేహం నుంచి తొందరగా వెళ్లిపోదు. అది విడిపోగా ఏర్పడే పదార్థాలు సైతం రోజుల తరబడి పనిచేస్తూనే ఉంటాయి. వయసు మళ్లిన వారిలో నిన్నటి మాత్ర మీద నేటి మాత్ర పేరుకుపోతుంది. మతిమరుపు, తూలడం, పడిపోవడం, తుంటి ఎముక విరగడం అందరూ వయసు ఖాతాలో వేసేవే. వాటి వెనుక తరచుగా ఒక చిన్న మాత్ర ఉంటుంది. ఇక మద్యంతోనో, మార్ఫిన్ జాతి నొప్పి మందులతోనో కలిస్తే ఒంటరిగా లేని ప్రాణహాని జంటగా వస్తుంది. ఈ కుటుంబంలోని మందులన్నిటి మీద దుర్వినియోగం, వ్యసనం, ఆపితే వచ్చే లక్షణాల గురించి అత్యంత తీవ్రమైన హెచ్చరిక ముద్రించాలని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆదేశించినది 2020లో. అప్పటికి లిబ్రియం వయసు 60 ఏళ్లు.

నట్లీ నుంచి తెలంగాణ దాకా

మాత్రను తప్పుగా వాడితే నేరం మాత్రది కాదన్నది స్టెర్న్‌బాక్ వైఖరి. అందులో సగం న్యాయం ఉంది. అదే మందు నేటికీ ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర ఔషధాల జాబితాలో ఉంది, మూర్ఛ నుంచి ఎందరినో కాపాడుతోంది. కానీ దాన్ని రోజువారీ చిరాకులన్నిటికీ విరుగుడుగా ప్రచారం చేసి అమ్మినది రోగులు కాదు. ఆయన మాత్రం దాన్ని వాడేవారు కాదు. వేసుకుంటే మనసు కుంగినట్లు ఉంటుందన్నది ఆయన చెప్పిన కారణం.

భారతదేశంలో ఈ మందులు మాదకద్రవ్యాల చట్టం పరిధిలో ఉన్నాయి. డయాజెపామ్, అల్ప్రాజోలం వంటివి 2014 నుంచి హెచ్1 షెడ్యూలు కింద అమలులో ఉన్న నిబంధనల ప్రకారమే అమ్మాలి. చీటీ రాసిన వైద్యుడి పేరు, రోగి పేరు, ఇచ్చిన పరిమాణం దుకాణదారు పుస్తకంలో నమోదు చేసి మూడేళ్లు భద్రపరచాలి. కల్లు కుండకు మాత్రం చీటీతో పని లేదు. చెట్ల నుంచి దిగే కల్లు గిరాకీకి చాలని తెలంగాణ ప్రాంతాల్లో నీళ్లలో డైజోఫాం, అల్ప్రాజోలం కలిపి అమ్మే దందా ఏళ్ల నాటిది. తాగేవారు తాము కల్లుకు అలవాటు పడ్డామనే అనుకుంటారు. 2015లో ప్రభుత్వం కల్తీపై దాడులు ముమ్మరం చేసినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో చేతులు వణుకుతూ, పొంతన లేకుండా మాట్లాడుతూ, ఫిట్స్‌తో జనం ఆసుపత్రులకు చేరారు. 2020 లాక్‌డౌన్‌లో దుకాణాలు మూతపడగానే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం ముందు అదే దృశ్యం పునరావృతమైంది. 1961లో హోలిస్టర్ 11 మందిలో చూసినదే ఇక్కడ ఊళ్లకు ఊళ్లలో కనిపించింది.

స్టెర్న్‌బాక్ పేరిట 241 పేటెంట్లు ఉన్నాయి. ఒప్పందం ప్రకారం ఒక్కో పేటెంటును నామమాత్రంగా ఒక డాలరుకు సంస్థకు రాసిచ్చారు. వాలియంతో సంస్థ ఆర్జించిన సంపదలో ఆయనకు దక్కినవి జీతం, కొన్ని బహుమతి సొమ్ములు. యుద్ధకాలంలో తనను, తన భార్యను బతికించిన సంస్థపై ఆయన ఎన్నడూ ఫిర్యాదు చేయలేదు. 1973లో పదవీ విరమణ చేసినా తొంభై ఏళ్లు దాటేదాకా నట్లీలోని కార్యాలయానికి వెళ్లివస్తూనే ఉన్నారు. అమెరికాలో వాలియం పేటెంటు గడువు 1985లో తీరింది. ఆ తర్వాత ఏ సంస్థ అయినా దాన్ని చవకగా తయారు చేసుకోగలిగింది. 2003లో ఆయన నార్త్ కరొలైనాలోని చాపెల్ హిల్‌కు మారారు. 2005 ఫిబ్రవరిలో అమెరికా జాతీయ ఆవిష్కర్తల ప్రముఖుల జాబితాలో ఆయనకు చోటు దక్కింది. అదే ఏడాది సెప్టెంబరు 28న చాపెల్ హిల్‌లో కన్నుమూశారు.