పక్షుల నేస్తం డాక్టర్ సలీం అలీ

వానలు వెనకబట్టి చలి మొదలయ్యే రోజుల్లో కొల్లేరు, పులికాట్ సరస్సులకు దూరదేశాల నుంచి బాతులు, సీగల్ పక్షులు వచ్చి వాలుతాయి. ఇవి ఎక్కడి నుంచి వస్తాయి, మళ్లీ ఎక్కడికి వెళతాయి అన్న ప్రశ్నకు మన దేశంలో శాస్త్రీయంగా సమాధానం వెదికిన వారిలో అగ్రగణ్యుడు డాక్టర్ సలీం అలీ. ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది ఒక హలాల్ సందేహం.

సలీం అలీ 1896 నవంబరు 12న బొంబాయిలో సులేమానీ బోహ్రా కుటుంబంలో జన్మించారు. మూడేళ్లు నిండేసరికి తల్లిదండ్రులిద్దరూ కన్నుమూశారు. మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ, ఆయన భార్య హమీదా బేగం ఆ అనాథ బిడ్డలను కడుపున పెట్టుకుని సాకారు. సుమారు పదేళ్ల వయసులో సలీం ఎయిర్‌గన్‌తో ఒక పిచ్చుకను కొట్టాడు. దాని గొంతు మీద పసుపు మచ్చ కనిపించింది. ఇలాంటి పిట్టను ముస్లిములు తినవచ్చా అని అనుమానం వచ్చి మేనమామను అడిగాడు. తనకూ తెలియదని ఒప్పుకున్న ఆ పెద్దమనిషి, పిల్లవాణ్ణి బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ కార్యదర్శి మిల్లార్డ్ దగ్గరికి పంపాడు. మిల్లార్డ్ ఆ పిట్ట పేరు చెప్పడమే కాక, అల్మారాల్లో భద్రపరచిన వందలాది పక్షులను చూపించారు. తినవచ్చా అన్న ప్రశ్నతో వెళ్లిన బాలుడు, ఇది ఎలా బతుకుతుంది అన్న ప్రశ్నతో తిరిగొచ్చాడు.

ఆ దారి పూలబాట కాలేదు. బర్మాలో వ్యాపారం కలిసిరాలేదు. బొంబాయి మ్యూజియంలో ఉద్యోగం దొరికినా, జర్మనీలో పక్షిశాస్త్రం నేర్చుకుని 1930లో తిరిగొచ్చేసరికి నిధులు లేవని ఆ కొలువు తీసేశారు. భార్య తహ్మీనా బేగం కుంగిపోలేదు. ఇద్దరూ సముద్రతీరాన ఉన్న కిహీం గ్రామానికి చేరారు. అక్కడే ఆయన గిజిగాడి గూళ్లను నెలల తరబడి గమనించి పేరు తెచ్చుకున్నారు. తర్వాత నిజాం హైదరాబాద్ రాజ్యంలోనూ పక్షుల సర్వే చేశారు. 1939లో తహ్మీనా మరణించారు. ఆ దుఃఖంలోనూ పని ఆపలేదు. 1941లో వెలువడిన ఆయన పుస్తకం సామాన్యులకు పక్షులను పరిచయం చేసింది.

రాజస్థాన్‌లోని భరత్‌పూర్ చిత్తడి నేలలు రాజుల వేటస్థలం. 1938లో వైస్రాయ్ లిన్‌లిత్‌గో గౌరవార్థం జరిగిన వేటలో ఒక్కరోజే 4,273 పక్షులు నేలకూలాయి. స్వాతంత్ర్యం వచ్చాక ఆ నీటిని మళ్లించి పొలాలు చేయాలన్న ఒత్తిడి వచ్చింది. పేద రైతుల కోరిక అన్యాయమైనదేమీ కాదు. అయినా నీరు పోతే మళ్లీ తిరిగిరానిది ఏమిటో సలీం అలీ ప్రధాని నెహ్రూకు నచ్చజెప్పారు. సరస్సు నిలిచింది. 1959లో మొదలైన పథకం కింద ఆయన బృందం బాతుల కాళ్లకు నెంబరున్న చిన్న కడియాలు తొడిగి వదిలింది. సోవియట్ దేశంలో దొరికిన కడియాలు వాటి ప్రయాణాన్ని చెప్పాయి. 1985లో భరత్‌పూర్ ప్రపంచ వారసత్వ స్థలమైంది.

పరిశోధన కోసం సలీం అలీ కూడా పక్షులను కాల్చారు, దాన్ని ఏనాడూ దాచలేదు. సరదా కోసం చంపడం వేరు, తెలుసుకోవడం కోసం ఒకటి రెండు తీసుకోవడం వేరని ఆయన అభిప్రాయం. పద్మవిభూషణ్ (1976), రాజ్యసభ సభ్యత్వం (1985) వచ్చినా ఆయన నిరాడంబరంగానే జీవించారు. గెట్టీ బహుమతి సొమ్మును ప్రకృతి రక్షణకే ఇచ్చేశారు. అంతరించిందనుకున్న కలివికోడి 1986లో మన కడప జిల్లాలో మళ్లీ కనిపించింది. దాన్ని కనుగొన్నది ఆయన ప్రాణంగా చూసుకున్న సొసైటీ పరిశోధకులే. మరుసటి ఏడాది, 1987లో, తొంభై ఏళ్ల వయసులో ఆయన పరమపదించారు.

భరత్‌పూర్‌కు వచ్చే సైబీరియా కొంగలు 2001-02 శీతాకాలం తర్వాత మళ్లీ రాలేదు. అల్లాహ్ సృష్టిలో ఒక ప్రాణి కళ్లెదుటే కనుమరుగైతే, మనం దాన్ని కాపాడామా అన్న ప్రశ్న మనకే మిగులుతుంది. ఈ శని ఆదివారాల్లో పిల్లలను చెరువు గట్టుకు తీసుకెళ్దాం. వాళ్లు అడిగిన దానికి జవాబు తెలియకపోతే, ఆ మేనమామలా తెలియదని ఒప్పుకుని, తెలిసినవారి దగ్గరికి పంపుదాం.