ఇనుముకు నడక నేర్పిన నగల పనివాడు

మతయాస్ బాల్డ్విన్ అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో, ఎలిజబెత్‌టౌన్ అనే ఊరిలో 1795వ సంవత్సరం డిసెంబరు 10వ తేదీన జన్మించినాడు. తండ్రి బండ్లు తయారుచేసే వృత్తిలో కొంత ఆస్తి గడించినవాడు. కాని పసితనంలోనే బాలునికి పితృవియోగం సంభవించింది, ఆస్తియు కరగిపోయింది. పదునారవ యేట మతయాస్ ఫిలడెల్ఫియా చేరువలోని ఫ్రాంక్‌ఫర్డ్‌లో నగలు చేసేవారి వద్ద పనికి కుదిరినాడు. వెండి బంగారాలపై గీత తప్పని పనితనం అలవరచుకొన్న ఆ చేతులే తరువాత ఇనుమును పట్టాలపై పరుగెత్తించినవి.

1825లో ఆయన డేవిడ్ మేసన్ అనే భాగస్వామితో కలిసి పుస్తకాల బైండింగుకు కావలసిన పనిముట్లు తయారుచేసే కర్మాగారం నెలకొల్పినాడు. దానికై కొన్న ఆవిరియంత్రం తృప్తికరంగా పనిచేయలేదు. అంతట తానే ఒక యంత్రాన్ని నిర్మించుకొన్నాడు. దాని నడక చూచి ఇతరులు తమకును అట్టివి చేసిపెట్టుమని కోరసాగినారు. 1831లో ఫిలడెల్ఫియాలోని పీల్ మ్యూజియం కొరకు చిన్న రైలింజను ఒకటి చేసినాడు. నలుగురు కూర్చొనే రెండు చిన్న పెట్టెలను అది లాగుతుంటే నగరమంతా వింతగా చూచింది.

పిమ్మట ఒక రైలు కంపెనీ అసలైన ఇంజనునే చేసి ఇమ్మన్నది. నాడు అందుకు తగిన పనిముట్లు లేవు. పని తెలిసిన మనుషులును అరుదు. ఇంగ్లండు నుండి విడిభాగాలుగా వచ్చిన ఇంజనును పరిశీలించి, బాల్డ్విన్ చాలా భాగం స్వహస్తాలతో చేసి, పనివారికి నేర్పుతూ నిర్మాణం ముగించినాడు. ఓల్డ్ ఐరన్‌సైడ్స్ అనే ఆ ఇంజను 1832 నవంబరు 23వ తేదీన నడిచింది. లోపాలు ఎంచి కంపెనీవారు 4,000 డాలర్లకు బదులు 3,500 మాత్రమే చెల్లించినారు. విసిగిన బాల్డ్విన్ ఇక ఇంజనుల జోలికి పోరాదనుకొన్నాడు. అయినను ఆ నిశ్చయం నిలువలేదు.

1837లో దేశమంతటా ఆర్థిక సంక్షోభం వ్యాపించింది. బాల్డ్విన్ అప్పులలో చిక్కుకొన్నాడు. ఋణదాతలను పిలిచి, దాచకుండా లెక్కలు చూపి, గడువు కోరినాడు. కొన్నేళ్ళలో వడ్డీతో సహా బాకీ తీర్చి మాట నిలుపుకొన్నాడు.

అంతకన్న కఠినమైన పరీక్ష మరొకటి ఉన్నది. బాల్డ్విన్ బానిసత్వాన్ని అసహ్యించుకొన్నవాడు. 1835లో నీగ్రో బాలబాలికల కొరకు పాఠశాల స్థాపనకు ధనమిచ్చి, ఉపాధ్యాయుల జీతాలు సయితం తానే భరించినాడు. 1837లో పెన్సిల్వేనియా రాజ్యాంగ సభలో సభ్యుడై, నల్లజాతి పురుషుల వోటుహక్కు కొరకు నిలిచినాడు. ఆ పక్షం ఓడింది; 1838 నాటి రాజ్యాంగం వారి హక్కును తొలగించింది. 1870లో గాని అది తిరిగి లభించలేదు. అంతర్యుద్ధానికి ముందు దక్షిణ రాష్ట్రాల రైలు కంపెనీలు ఆయన ఇంజనులను బహిష్కరించినవి. బేరం పోయినను ఆయన అభిప్రాయం మార్చుకొనలేదు.

1866 సెప్టెంబరు 7వ తేదీన బాల్డ్విన్ మరణించినాడు. అప్పటికి ఆయన కర్మాగారం 1,500కు పైగా ఇంజనులను నిర్మించి ఉన్నది. ఆయన అనంతరం అది ప్రపంచంలోనే అతిపెద్ద రైలింజనుల సంస్థలలో ఒకటిగా పెరిగింది. మన దేశానికిని దానితో సంబంధం కలదు. బ్రాడ్‌గేజి మార్గాలపై ప్రయాణికుల బండ్లను లాగిన డబ్ల్యు.పి. తరగతిలో మొదటి 16 ఇంజనులు 1947లో బాల్డ్విన్ కర్మాగారం చేసినవే. వాటిలో 7200 సంఖ్యగల ఇంజనుకు ఆజాద్ అని పేరు పెట్టినారు. హర్యానాలోని రేవారీలో దానిని భద్రపరచినారు. డీజిలు యుగంలో సంస్థ వెనుకబడి, సుమారు 70,000 ఇంజనులు చేసిన పిమ్మట, 1956లో ఆ నిర్మాణం మానుకొన్నది.

బాల్డ్విన్ విగ్రహం ఫిలడెల్ఫియా నగర భవనం వద్ద ఉన్నది. 2020 జూన్‌లో జాతివివక్షకు వ్యతిరేకంగా ఉద్యమం చెలరేగినప్పుడు, ఆ విగ్రహంపై ఎవరో రంగు పూసి నిందావాక్యం వ్రాసినారు. ఏ న్యాయం కొరకు ఆ జనం వీధికెక్కినారో, ఆ న్యాయం కొరకే ఆయన దాదాపు రెండు శతాబ్దాల క్రితం సభలో నిలిచినాడు. విగ్రహం రూపాన్ని మాత్రమే నిలుపగలదు. చరిత్రను చదివి చెప్పేవారు ఉన్నప్పుడే మనిషి నిలుస్తాడు.