ధ్వనికి కొలత నేర్పిన సాబిన్

సభామందిరం ఎంత సుందరంగా ఉన్నా, అందులో పలికిన మాట శ్రోతలకు స్పష్టంగా వినబడకపోతే అది నిష్ప్రయోజనమే. పూర్వం ఈ విషయంలో శిల్పులు అనుభవాన్నీ అదృష్టాన్నీ నమ్ముకొనేవారు. దీనిని లెక్కకు అందే శాస్త్రంగా మలచినవారు వాలెస్ క్లెమెంట్ సాబిన్.

సాబిన్ 1868 జూన్ 13న అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో జన్మించారు. పద్దెనిమిదేళ్లకే పట్టభద్రులై, హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉన్నతవిద్య అభ్యసించి, అక్కడే భౌతికశాస్త్ర అధ్యాపకులయ్యారు. 1895లో ఆ విశ్వవిద్యాలయంలో ఫాగ్ కళాప్రదర్శనశాల ప్రారంభమైంది. దాని ఉపన్యాస మందిరంలో పలికిన మాట తాలూకు ప్రతినాదం ఐదున్నర సెకన్ల వరకు నిలిచి, తరువాతి మాటలతో కలగలిసిపోయేది. ఈ లోపాన్ని సరిదిద్దే బాధ్యతను విశ్వవిద్యాలయ అధ్యక్షులు ఇలియట్ యువకుడైన సాబిన్‌కు అప్పగించారు.

పగటి సందడిలో సన్నని ధ్వనులను కొలవడం సాధ్యం కాదు. అందువల్ల సాబిన్ అర్ధరాత్రి దాటాక సహాయకులతో కలిసి, సమీపంలోని శాండర్స్ నాటకశాల నుండి ఆసనాల మెత్తలను మోసుకొనివచ్చి మందిరంలో పరిచేవారు. ఆర్గాన్ గొట్టాన్ని మ్రోగించి ఆపి, నాదం పూర్తిగా అణగిపోవడానికి పట్టిన కాలాన్ని నమోదు చేసేవారు. తెల్లవారేలోగా మెత్తలను తిరిగి యథాస్థానానికి చేర్చేవారు. మెత్తల సంఖ్య పెరిగేకొద్దీ ప్రతినాద కాలం తగ్గుతూ వచ్చింది.

మెత్తలోని పీచుల నడుమ సూక్ష్మమైన ఖాళీలుంటాయి. ధ్వని తరంగాల వల్ల వాటిలోని గాలి కదిలి, పీచులతో రాపిడి చెందుతుంది. అప్పుడు ధ్వనిశక్తి కొంత ఉష్ణంగా మారుతుంది. తెరచిన కిటికీ తనను చేరిన ధ్వనిని వెనుకకు పంపదు. కనుక సాబిన్ దానినే ప్రమాణంగా గ్రహించి, వివిధ పదార్థాల ధ్వని శోషణను లెక్కకట్టారు. పరిశీలకుని దుస్తులు సైతం ధ్వనిని గ్రహించి ఫలితాలను మారుస్తున్నాయని తెలియగానే, వేలాది కొలతలను త్రోసిపుచ్చి మళ్లీ మొదటినుండి ప్రారంభించారు. సత్యం పట్ల ఆయనకున్న నిష్ఠ అటువంటిది.

1898లో ఆయన శ్రమ ఫలించింది. ప్రతినాద కాలం మందిరపు ఘనపరిమాణానికి అనులోమానుపాతంలోనూ, అందులోని మొత్తం శోషణకు విలోమానుపాతంలోనూ ఉంటుందని కనుగొన్నారు. ఈ సూత్రం ఆధారంగా, ఇంకా నిర్మించని బాస్టన్ సంగీత మందిరానికి ముందుగానే లెక్కలు కట్టి ఇచ్చారు. 1900 అక్టోబరు 15న అది ప్రారంభమైనప్పుడు కొందరు విమర్శించారు. కాలక్రమంలో అదే ప్రపంచంలోని ఉత్తమ సంగీత మందిరాలలో ఒకటిగా ప్రసిద్ధి పొందింది.

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో అనారోగ్యాన్ని లక్ష్యపెట్టక దేశసేవ చేసిన సాబిన్, 1919 జనవరి 10న యాభయ్యేళ్ల వయస్సులో కన్నుమూశారు. ధ్వని శోషణకు కొలమానమైన ప్రమాణం నేటికీ ఆయన పేరుతోనే వ్యవహరింపబడుతున్నది.