గగనయాత్రికుడు యూరీ గగారిన్

మన సీమలో తలయెత్తి ఆకాశమును చూచువారు సామాన్యముగా మబ్బుకొరకే చూతురు; మబ్బు కానరానిచో తల దించుకొని తమ పనికి పోవుదురు. ఆ మబ్బులకు మీదుగా, గాలి సైతము లేని చోటికి మొట్టమొదట పోయి వచ్చిన మానవుడు ఒక పల్లెటూరి వడ్రంగి కొడుకు. అతని పేరు యూరీ అలెక్సేయెవిచ్ గగారిన్. ఆ పేరులో మన గగన శబ్దము ధ్వనించుట కాకతాళీయమే యైనను తెలుగు చెవికి ఇంపుగా నున్నది.

అతని యాత్ర 108 నిమిషములలో ముగిసెను. తరువాత బయల్పడిన పత్రములను బట్టి రెండు నిమిషములు తక్కువయని లెక్క తేల్చినవారు గలరు. లెక్కలు వ్రాయు వృత్తిలో నున్నవాడను గనుక ఆ తేడాను చెప్పక విడువజాలను; లోకము మాత్రము అష్టోత్తరశతమునే నిలుపుకొన్నది. ఆ నిమిషముల కథ అందరెరిగినదే. వాని వెనుక అతడు జీవించిన ఏడేండ్ల కథ అంతగా ఎరుగరు. నా మనస్సును ఎక్కువగా పట్టినది ఆ ఏడేండ్ల కథయే.

గగారిన్ 1934 మార్చి 9వ తేదీన రష్యాదేశమున స్మొలెన్‌స్క్ ప్రాంతములోని క్లూషినో యను పల్లెలో జన్మించెను. తండ్రి అలెక్సేయ్ వడ్రంగము చేయువాడు. తల్లి ఆన్నా సమష్టి వ్యవసాయక్షేత్రమున పాడిపశువుల పని చూచెడిది. నలుగురు బిడ్డలలో యూరీ మూడవవాడు. 1941లో జర్మను సైన్యము ఆ పల్లెను ఆక్రమించి, వీరిని వెడలగొట్టి, వీరి యింట కాపురము పెట్టినది. ఇంటివారు నేల త్రవ్వి, పైన కప్పు వేసికొని, ఆ గోతిలో ఏడాదిన్నరకు పైగా తలదాచుకొనిరి. మన మట్టిమిద్దెలలో ఒక చిన్న గదిపాటి చోటు, ఆరుగురు మనుష్యులు, బయట మంచు. 1943లో సైన్యము వెనుకకు మరలుచు పెద్దకొడుకును, కూతురును బలవంతపు చాకిరికి తరలించుకొని పోయినది. వారు యుద్ధము ముగిసిన పిదప గాని ఇల్లు చేరలేదు. ఆ యుద్ధారంభమున దెబ్బతిన్న స్వదేశ విమానమొకటి పల్లెచెంత దిగగా, పిల్లలందరితో పాటు యూరీ పరుగెత్తి పోయి దానిని చూచెను. విమానమును దగ్గరగా చూచుట అతనికదియే తొలిసారి.

యుద్ధానంతరము కుటుంబము గ్జాత్స్క్ పట్టణమునకు మారినది. పదునైదవ యేట యూరీ మాస్కో చెంతనున్న ల్యూబెర్త్సీకి పోయి ఇనుము కరగించి పోతపోయు పని నేర్చెను. పగలు కొలిమికడ పని, రాత్రి బడిలో చదువు. 1951లో సరాతొవ్ నగరపు పారిశ్రామిక విద్యాలయమున చేరెను. అచట భౌతికశాస్త్రము చదువు విద్యార్థుల కూటమిలో త్సియొల్కోవ్‌స్కీ రచనలను గూర్చి ప్రసంగించు పని అతనికి వచ్చినది.

ఇది గ్రంథాలయ సంచిక గనుక ఆ త్సియొల్కోవ్‌స్కీని గూర్చి ఒక మాట చెప్పి ముందునకు పోవుదును. అతడు 1857లో పుట్టినవాడు. బాల్యమున జ్వరము సోకి వినికిడి పోగా బడి చదువు సాగలేదు. పదునారవ యేట మాస్కో చేరి, రొట్టెముక్కలతో పొట్ట నింపుకొనుచు, మూడేండ్లు ఉచిత గ్రంథాలయమున కూర్చుండి గణితమును, భౌతికమును తనకు తానే నేర్చెను. పిదప బడిపంతులై, రాకెట్టుతో అంతరిక్షమునకు పోవు మార్గమును లెక్కకట్టి 1903లో ప్రకటించెను. గురువు లేక చదివినవాని లెక్క అరువది యేండ్లలోపల ఒక పోతపనివానిని ఆకాశమున కెక్కించినది.

సరాతొవ్‌లోనే గగారిన్ విమానచోదకుల క్లబ్బులో చేరి ఎగురుట నేర్చెను. 1955లో ఒరెన్‌బర్గ్ సైనిక వైమానిక పాఠశాలకు పోయెను. మనిషి పొట్టి, అయిదడుగుల రెండంగుళములు మాత్రమే. అందుచే విమానమును నేలకు దింపునపుడు చూపు సరిగా ఆనక చిక్కుపడెడివాడనియు, పీటపై మెత్తవేసికొని కూర్చున్న పిదప ఆ లోపము తీరినదనియు చెప్పుదురు. 1957లో వలెంతీనాను వివాహమాడి, ఉత్తరధ్రువ ప్రాంతపు విమానదళమున ఉద్యోగమునకు పోయెను. 1960లో అంతరిక్షయాత్రకై ఎన్నుకొన్న ఇరువదిమంది చోదకులలో అతడొకడు. నౌక ఇరుకైనది గనుక పొట్టితనము ఇచట వరమైనది. యాత్రానౌకలను నిర్మించిన ప్రధాన నిర్మాత కొరొల్యొవ్. తొలిసారి నౌకను చూపించినపుడు గగారిన్ పాదరక్షలు విడిచి లోనికి పోయెననియు, అది చూచి కొరొల్యొవ్ ముచ్చటపడెననియు కథ గలదు. చెప్పులు గడపబయట విడుచు మనకు ఆ ముచ్చట వేరుగా విప్పి చెప్పనక్కరలేదు.

1961 ఏప్రిల్ 12వ తేదీ ఉదయము, మాస్కో కాలమానమున 9 గంటల 7 నిమిషములకు, బైకొనూర్ నుండి వోస్తోక్ నౌక లేచినది. వోస్తోక్ అనగా తూర్పు. వడిసెలలో త్రిప్పిన రాతిని త్రాడు పట్టియుంచినట్లు, గంటకు ఇంచుమించు 28,000 కిలోమీటర్ల వేగముతో పోవు నౌకను భూమి ఆకర్షణము పట్టియుంచి తన చుట్టును త్రిప్పినది. అంతరిక్షమున మానవుని మతి నిలుచునో లేదో యని వైద్యులకు సంశయము. అందుచే నౌకను చేతితో నడుపు మీటలకు తాళము వేసి, దాని మూడంకెల సంకేతమును కవరులో నుంచి పంపిరి. 125 అను ఆ సంకేతమును ముందుగానే అతని చెవిని వేసినవారును లేకపోలేదు!

అసలు గండము దిగునపుడు వచ్చినది. అతడు కూర్చున్న గోళము నుండి యంత్రభాగము పూర్తిగా విడిపోక తీగెలతో వ్రేలాడినది. రెండును కలసి గిరగిర తిరిగినవి. జటాయువు పడిన చోటని మనవారు చెప్పుకొను లేపాక్షి మనకు దూరము కాదు. ఆ జటాయువు అన్న సంపాతి సూర్యునికి చేరువగా పోయి రెక్కలు కాల్చుకొన్నాడు. ఇచట మంట పుట్టినది సూర్యునివలన గాక గాలి ఒరపిడివలన. అదియే తీగెలను కాల్చి అతనిని రక్షించినది. ఏడు కిలోమీటర్ల ఎత్తున అతడు గోళమునుండి వెలికి విసరబడి, పారాచ్యూటుతో ఎంగెల్స్ పట్టణము చెంత పొలములో దిగెను. మొదట చూచినవారు ఉర్లగడ్డలు నాటుచున్న ఒక అటవీరక్షకుని భార్యయు, ఆమె మనుమరాలును. నారింజరంగు దుస్తులతో ఆకాశమునుండి దిగివచ్చినవానిని చూచి వారు జంకిరి.

అప్పటి అంతర్జాతీయ నియమముల ప్రకారము చోదకుడు తన వాహనముతోనే నేలకు దిగవలసియుండెను. అందుచే సోవియట్ ప్రభుత్వము పారాచ్యూటు సంగతిని ఏండ్ల తరబడి దాచి, అతనిచేతను దాచించెను. ఇంతటి పనికి ఆ చిన్న అబద్ధము అక్కరలేదని నా తలంపు.

అటుపై అతడు తనవాడు గాకపోయెను. ఇంచుమించు ముప్పది దేశములకు అతనిని త్రిప్పిరి. 1961 నవంబరు 29న మన దేశమునకు వచ్చి, ఢిల్లీ, లక్నో, బొంబాయి, కలకత్తాలతో పాటు హైదరాబాదును కూడ దర్శించెను. అప్పటికి అతని ఎడమ కనుబొమ్మపై క్రొత్త మచ్చ యుండెను. అక్టోబరులో క్రిమియాలో విశ్రాంతిగా నుండి, మేడమీదినుండి దుమికి గాయపడిన గుర్తు అది. కీర్తియు, విందులును ఎడతెగక వచ్చినపుడు ఇరువదియేడేండ్లవాడు తూలుట వింత కాదు. తూలి నిలద్రొక్కుకొనుట మెచ్చదగినది.

1963లో అతనిని వ్యోమగాముల శిక్షణకేంద్రమునకు ఉపాధిపతిని జేసిరి. తోడివారు ఒకరి వెనుక నొకరు యాత్రలకు పోవుచుండ, అతడు వారిని సాగనంపుచుండెను. అతనికి ముప్పు వాటిల్లినచో దేశమునకు తలవంపులని పెద్దల భయము. విశ్వామిత్రుడు పైకి పంపిన త్రిశంకువు స్వర్గమున చేరలేక, నేలకు రాలేక నడుమ నిలిచెను. ఇతని స్థితియు అట్టిదే. భేదమేమనగా, ఇతడు స్వర్గము నడుగలేదు, తన పని తనకిమ్మని అడిగెను. మిత్రుడు కొమరొవ్ సొయుజ్ నౌకలో పోవుటకు సిద్ధపడినపుడు, అతనికి మారుగా పోవలసిన రెండవవాడుగా గగారిన్ శిక్షణ పొందెను. 1967 ఏప్రిల్ 24న దిగుచున్న ఆ నౌక పారాచ్యూటు విచ్చుకొనక కొమరొవ్ మరణించెను. ఆ దినముతో గగారిన్‌కు అంతరిక్షపు ద్వారము మూసివేసిరి.

అయినను అతడు పుస్తకము మూయలేదు. జుకోవ్‌స్కీ అకాడమీలో ఇంజనీరింగు చదివి, రెక్కలుగల వ్యోమనౌకను గూర్చి సిద్ధాంతవ్యాసము వ్రాసి, 1968 ఫిబ్రవరిలో పట్టభద్రుడయ్యెను. ప్రపంచమంతయు తన బొమ్మను గోడలకు తగిలించుకొన్న పిదప పరీక్షకు కూర్చుండుట సామాన్యమా? జెట్ విమానమును ఒంటరిగా నడుపు అర్హతనైనను మరల సంపాదింపనెంచి, మార్చి నెలలో పదునెనిమిది పర్యాయములు శిక్షకునితో కలసి ఎగిరెను. మార్చి 27న అనుభవశాలియైన సెర్యోగిన్‌తో మిగ్ విమానమున లేచెను. పదిన్నర గంటల ప్రాంతమున ఆ విమానము కిర్జాచ్ పట్టణము చెంత అడవిలో కూలినది. ఇద్దరును మరణించిరి. గగారిన్ వయస్సు ముప్పదినాలుగు. వేరొక విమానము మరీ చేరువగా పోయినదని కొందరు, అడ్డువచ్చిన వస్తువును తప్పించుకొనబోయి అదుపు తప్పిరని కొందరు చెప్పుదురు. అందరు నొప్పుకొను కారణము నేటికిని తేలలేదు. భార్యయు ఇద్దరు చిన్న కుమార్తెలును మిగిలిరి.

అతని చితాభస్మమును మాస్కోలో క్రెమ్లిన్ గోడయందు నిక్షేపించిరి. గ్జాత్స్క్ పట్టణమునకు అతని పేరు పెట్టిరి. 1969 జులైలో చంద్రునిపై దిగిన అమెరికా యాత్రికులు గగారిన్, కొమరొవ్‌ల పతకములను అచట ఉంచి వచ్చిరి. తల్లి ఆన్నా 1984 వరకు జీవించినది. ఆ యేడాది ఏప్రిల్ 3న, ఆమె కన్నుమూయుటకు రెండు నెలల ముందు, హైదరాబాదు నిజాం కళాశాలలో చదివిన రాకేశ్ శర్మ అదే బైకొనూర్ నుండి సొయుజ్ నౌకలో అంతరిక్షమునకు లేచెను.