ద్రవ్యవేగానికి దిశ చూపిన హైగెన్స్

లోలకపు గడియారం, శనిగ్రహ వలయం, కాంతి తరంగ సిద్ధాంతం... క్రిస్టియాన్ హైగెన్స్ పేరు వినగానే గుర్తుకొచ్చేవి ఇవే. ద్రవ్యవేగం అనగానే మాత్రం అందరూ న్యూటన్‌ను తలుచుకుంటారు. న్యూటన్ ‘ప్రిన్సిపియా’ 1687లో వెలువడింది. అంతకు మూడు దశాబ్దాల ముందే హైగెన్స్ ఆ చిక్కుముడిని విప్పారు.

1629 ఏప్రిల్ 14న నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరంలో ఆయన జన్మించారు. తండ్రి కాన్‌స్టాంటైన్ కవి, దౌత్యవేత్త. ఫ్రెంచి తత్త్వవేత్త రెనే డెకార్ట్ ఆయనకు మిత్రుడు. డెకార్ట్ మీద ఆరాధనతోనే బాలుడు పెరిగాడు. తర్వాత ఆ మహనీయుడి లెక్కనే తప్పుపట్టవలసి వచ్చింది.

విశ్వంలోని మొత్తం చలనం ఎన్నటికీ తరగదని డెకార్ట్ 1644లో ప్రతిపాదించారు. ఆ చలనాన్ని కొలవడానికి వస్తు పరిమాణాన్ని వడితో గుణించారు, దిశను లెక్కలోకి తీసుకోలేదు. ఆయన సూత్రాల ప్రకారం చిన్న వస్తువు ఎంత వడిగా తాకినా నిశ్చలంగా ఉన్న పెద్ద వస్తువు కదలదు. గోళీలాడిన పిల్లవాడైనా దీన్ని ఒప్పుకోడు. అయినా హైగెన్స్ సందేహం వెలిబుచ్చినప్పుడు, లైడెన్‌లో ఆయనకు గణితం నేర్పిన వాన్ స్కూటెన్ ఆ ప్రయత్నం మానుకొమ్మనే హితవు చెప్పారు.

హైగెన్స్ మానలేదు. కాలువల దేశంలో పుట్టినవారు కనుక కాబోలు, పడవను ఉదాహరణగా ఎంచుకున్నారు. సాగిపోతున్న పడవలో ఒకరు రెండు సమానమైన గట్టి గోళాలను సమాన వడితో ఎదురెదురుగా ఢీకొట్టిస్తే, అవి అదే వడితో వెనుదిరుగుతాయి. పడవ వడి కూడా అంతే అనుకుందాం. ఒడ్డున నిలిచినవారికి ఒక గోళం కదలకుండా ఉన్నట్టూ, రెండోది రెట్టింపు వడితో వచ్చి తాకి ఆగిపోయినట్టూ, మొదటిది అదే రెట్టింపు వడితో ముందుకు సాగినట్టూ కనిపిస్తుంది. ఘటన ఒక్కటే, ఇద్దరి లెక్కలూ సరిపోవాలంటే ఎదురు దిశలో చలనాన్ని రుణాత్మకంగా తీసుకోవాలి. తెలుగు పదం ఇక్కడ చక్కగా అమరింది: దిశ లేనిది వడి, దిశ ఉన్నది వేగం. అందుకే అది ద్రవ్యవేగం.

1656 నాటికే ఆయన దీనిపై గ్రంథం రాసుకున్నారు. అచ్చుకు మాత్రం ఇవ్వలేదు. ఆ జాప్యానికి మూల్యం చెల్లించవలసి వచ్చింది. 1668లో లండన్ రాయల్ సొసైటీ అభిఘాతాల నియమాలు తెలుపమని కోరగా వాలిస్, రెన్, హైగెన్స్ ముగ్గురూ వ్యాసాలు పంపారు. మరుసటి ఏడాది ఆరంభంలో సొసైటీ పత్రిక మొదటి ఇద్దరివే ప్రచురించింది. నొచ్చుకున్న హైగెన్స్ 1669 మార్చిలో తన నియమాలను పారిస్ పత్రికలో అచ్చువేయించుకున్నారు. ఆ తర్వాతే లండన్ పత్రికలోనూ అవి వచ్చాయి. ‘ప్రిన్సిపియా’లో న్యూటన్ ఈ ముగ్గురి పేర్లనూ ప్రస్తావించారు.

హైగెన్స్ 1695 జులై 8న హేగ్‌లో కన్నుమూశారు. పడవ ఉదాహరణతో కూడిన పూర్తి గ్రంథం 1703లో వెలువడింది.