లెక్క ఒకసారే.. వాడకం వెయ్యిసార్లు!

వెబ్ అప్లికేషన్‌లో ఓ పేజీ తెరుచుకోవడానికి ఎనిమిది సెకన్లు పడుతోంది. వేగం పెంచాలంటే ఏం చేస్తారు? సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల ఇంటర్వ్యూలో మీకిలాంటి ప్రశ్న ఎదురుకావొచ్చు. చాలామంది వెంటనే క్యాషింగ్ అనేస్తారు. ఎక్కడ, ఎందుకు, ఎంతసేపు అని అడిగితే మాత్రం తడబడతారు. ఎలక్ట్రానిక్ కంప్యూటర్లు రాకముందే ఈ ప్రశ్నలతో కుస్తీ పట్టిన చార్లెస్ బాబేజ్ జీవితం తెలిస్తే మీ జవాబుకు బలం వస్తుంది.

పట్టికలతో మొదలు

బాబేజ్ 1791 డిసెంబరు 26న లండన్‌లో ఓ బ్యాంకరు ఇంట పుట్టారు. 1810లో కేంబ్రిడ్జిలో చేరి గణితం చదివారు. అప్పట్లో నావికులు, ఇంజినీర్లు ప్రతి లెక్కనూ మొదటినుంచీ చేసేవారు కాదు. ఎవరో లెక్కించి అచ్చువేసిన పట్టికలు చూసుకునేవారు. క్యాషింగ్ కూడా ఇంతే. కష్టమైన పనిని ఒకసారి చేసి, ఫలితాన్ని దాచి, అడిగినప్పుడల్లా దాన్నే ఇవ్వడం.

మరి దాచిన జవాబే తప్పయితే? 1821లో స్నేహితుడు జాన్ హెర్షెల్‌తో కలిసి ఖగోళ లెక్కలు సరిచూస్తుంటే తప్పులు వరసగా బయటపడ్డాయి. పట్టికలో ఒక్క తప్పున్నా అది నమ్మినవాళ్లందరికీ చేరుతుంది. అందుకే లెక్కించడం, అచ్చువేయడం రెండూ యంత్రమే చేయాలని ఆయన పట్టుబట్టారు. అలా మొదలైందే డిఫరెన్స్ ఇంజిన్. 1823లో ప్రభుత్వం నిధులిచ్చింది.

ఆలస్యం ఎక్కడో పట్టుకున్నారు

1834 నుంచి ఆయన దృష్టి అనలిటికల్ ఇంజిన్ మీదికి మళ్లింది. అందులో అంకెలు దాచే భాగం, లెక్క చేసే భాగం వేర్వేరు. 9999కి 1 కలిపి చూడండి. చేతిలో మిగిలిన ఒకటి ఒక్కో స్థానం దాటుకుంటూ పోవాలి. అంకెలు పెరిగేకొద్దీ ఆలస్యమూ పెరుగుతుంది. టైమ్ ఇక్కడే పోతోందని బాబేజ్ గుర్తించారు. ఆ ఒకటి ఏయే స్థానాలకు వెళ్లాలో ముందే పసిగట్టి, అన్నింటినీ ఒకేసారి మార్చే అమరిక రూపొందించారు. మొదట ఆలస్యానికి కారణం పట్టుకోవడం, తర్వాత దాన్ని సరిచేయడం.. ఆప్టిమైజేషన్ అంటే ఇదే.

గంట కొట్టి అడిగే యంత్రం

ఈ యంత్రానికి లాగరిథమ్ కావాల్సి వస్తే గంట మోగిస్తుంది. ఏ సంఖ్యకు కావాలో చూపిస్తుంది. సహాయకుడు ఆ సంఖ్య, దాని లాగరిథమ్ రెండూ ఉన్న కార్డు అందించాలి. యంత్రం ఆ సంఖ్యను సరిచూసుకుంటుంది. వేరే కార్డు వస్తే మరింత గట్టిగా గంట కొడుతుంది. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే సంఖ్య కీ, లాగరిథమ్ వాల్యూ. అసలు కార్డు తెప్పించుకోవడం కన్నా యంత్రమే మళ్లీ లెక్కిస్తే త్వరగా అవుతుందేమోనని కూడా ఆయన ఆలోచించారు. అంటే క్యాషింగ్ ప్రతిచోటా లాభం కాదు.

చూడలేకపోయిన విజయం

ఇంజినీరు జోసెఫ్ క్లెమెంట్‌తో గొడవలొచ్చి 1833లో డిఫరెన్స్ ఇంజిన్ పని ఆగింది. 17,000 పౌండ్లకు పైగా ఖర్చయ్యాక 1842లో ప్రభుత్వం చేతులెత్తేసింది. అయినా బాబేజ్ నేర్చుకున్నది వృథా పోనివ్వలేదు. 1847-49 మధ్య రెండో డిఫరెన్స్ ఇంజిన్ గీశారు. మొదటిదానికి దాదాపు 25,000 భాగాలు కావాలి, దీనికి 8,000 చాలు. దాన్నీ ఎవరూ తయారు చేయలేదు. 1871 అక్టోబరు 18న ఆయన కన్నుమూశారు. ఆ డిజైన్ ప్రకారం లండన్ సైన్స్ మ్యూజియం 1991లో లెక్కించే భాగాన్ని తయారుచేస్తే.. అది చక్కగా పనిచేసింది!

ఇంటర్వ్యూలో ఇలా చెప్పండి

* మొదట కొలుస్తాను. ఆలస్యం డేటాబేస్ క్వెరీలోనా, నెట్‌వర్క్‌లోనా, బరువైన ఫొటోల్లోనా చూస్తాను.
* తరచూ అడిగేవి, అరుదుగా మారేవి క్యాష్‌లో పెడతాను.
* లాగరిథమ్ ఎప్పటికీ మారదు. రైలు సీట్ల సంఖ్య నిమిషానికోసారి మారొచ్చు. అందుకే డేటాను బట్టి గడువు పెడతాను, అసలు డేటా మారగానే పాత కాపీ తీసేస్తాను.
* మార్పు చేశాక మళ్లీ కొలుస్తాను. తేడా లేకపోతే ఆ మార్పు వెనక్కి తీసుకుంటాను.

బాబేజ్ యంత్రం ఆయన బతికుండగా పూర్తికాలేదు. మీ కాలేజీ ప్రాజెక్టు అలా మిగలకూడదు. ముందు పనిచేసేలా పూర్తిచేయండి, తర్వాత వేగం పెంచండి. రెండు దశల్లోనూ ఎన్ని సెకన్లు పట్టిందో రాసిపెట్టుకుంటే రెజ్యుమెలో చూపించడానికి మీ సొంత అంకెలుంటాయి.